మన్రో దొర మజిలీలు

అనంతపురము సీమలో బైసికిలెక్కి దూరప్రయాణము చేసినవానికి ఈ నేల యెట్టిదో వాని కాళ్లే చెప్పును. రైలుబండి కిటికీలోనుండి చూచువానికి ఇది చదునైన మైదానముగ దోచును. చక్రము కదలిన పిమ్మటగాని యిందలి మిట్టపల్లములు తెలియవు. గుత్తికి ఉత్తరమున మొదలిడి దక్షిణముగా సాగు ముచ్చుకోట కొండలు, పెనుకొండ చుట్టునుగల గుట్టలు, ధర్మవరము ప్రాంతమున బయలుదేరి మైసూరు సీమలోనికి జొచ్చు మల్లప్పకొండ వరుస, వీని నడుమ ఎఱ్ఱనేలలు, బోడిబండలు, తుమ్మముండ్లు, ఎదురుగాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే యిచట గొప్ప. రెండు ఋతుపవనములును కొండలకావల తమ నీటిని కుమ్మరించి, యిటు వచ్చుసరికి వట్టిచేతులతో వచ్చును. తెల్లవాఱకమున్నే బయలుదేరి, కనుమ వచ్చినచోట దిగి బండిని త్రోసికొనుచు, పల్లమువచ్చినచోట ఊపిరి త్రిప్పుకొనుచు, పొద్దుగ్రుంకునప్పటికి ఊరు చేరిన విద్యార్థికి ఒక్క సంగతి మాత్రము రూఢిగా దెలిసియుండును. పటములో వ్రేలెడు దూరమున్న యూరు నేలమీద పూర్తి దినము.

ఇట్టి దారులలో ఏడు సంవత్సరములు గుఱ్ఱము జీనుమీదను, కాలినడకను తిరిగి, ఇరువది యేండ్ల తరువాత మరల నీ దారినే వచ్చి యిచటనే కన్నుమూసిన యొక మహాపురుషుని చరిత్రమును మన విద్యార్థులకు జెప్పదలచితిని. ఆయన సర్ తామస్ మన్రో. మన తాతముత్తాతల నోట మన్రో దొర.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీని స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వర్తకము చేయుచుండెను. బాల్యమున తట్టమ్మ సోకి తగ్గినను, దానివలన తామసుకు చెవుడు కొంత నిలిచిపోయెను. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను, ముందు పనికివచ్చును. ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివెను. అంతలో అమెరికావారు స్వాతంత్ర్యయుద్ధమునకు దిగిరి. పొగాకు ఓడలు నిలిచిపోయినవి. తండ్రి వ్యాపారము కూలినది. కలిగిన యింటి బిడ్డ బ్రతుకుతెరువు వెదకికొనవలసినవాడై, తూర్పు ఇండియా కుంఫిణీవారి సైన్యమున క్యాడెట్టుగా జేరి 1780వ సంవత్సరము జనవరిలో చెన్నపట్టణమున దిగెను. ఆ యేడే హైదరాలీ కర్ణాటకముమీద విఱుచుకుపడుటయు, పొల్లిలూరు యుద్ధమున కుంఫిణీ దండు నుగ్గగుటయు సంభవించెను. ఆ యుద్ధములలో మన్రో పాల్గొనెను గాని, వానిని విస్తరించుట మన పనికాదు.

ఆయన జీవితమును త్రిప్పినది కత్తికాదు, లెక్కల కాగితము. 1792లో టిప్పు సుల్తానునుండి బారామహల్ సీమ కుంఫిణీకి జిక్కగా, దాని పరిపాలనమునకు కెప్టెను అలెగ్జాండరు రీడు క్రింద మన్రో నియమింపబడెను. ఊరూరికి పోయి, ప్రతి రైతుతోను నేరుగా శిస్తు నిర్ణయించు పద్ధతిని రీడు అచట నారంభించెను. రైతువారీ పద్ధతికి మన్రో పేరే లోకమున నిలిచినది గాని, మొదటి చాలు దున్నినవాడు రీడని చెప్పుట న్యాయము. ఏడేండ్లు మన్రో ఆ పనిని నేర్చెను. ధర్మపురిలో తాను పెంచుకొన్న తోటను విడిచి రాలేక విడిచి వచ్చెను. 1799లో శ్రీరంగపట్టణము పడినపిదప ఆయనను పడమటి సముద్రతీరమందలి కెనరా సీమకు బంపిరి. అచట నెలలతరబడి ఎడతెగని వాన. అడుగుతీసి అడుగుపెట్టలేని అడవికొండలు. విసిగి బదిలీ కోరెను. కోరిన బదిలీ దొరకినది. వాన యెక్కువైన దేశమునుండి వాననెఱుగని దేశమునకు!

నిజాము తనకు మైసూరు యుద్ధములవలన సంక్రమించిన బళ్లారి, కడప, అనంతపురము ప్రాంతములను, కర్నూలు సీమలో కొంత భాగమును, తన రక్షణకై యుంచిన కుంఫిణీ సైన్యపు ఖర్చుక్రింద 1800వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని కుంఫిణీవారికి దత్తము చేసెను. అందుచేతనే వీనికి దత్తమండలములను పేరు గలిగెను. రాయలసీమ యను పేరు 1928లోగాని పుట్టలేదు. సుమారు 27,000 చదరపు మైళ్ల వైశాల్యము, దాదాపు ఇరువది లక్షల జనము. ఇంతటి సీమకు మన్రో ప్రధాన కలెక్టరు. ఆయనక్రింద నలుగురు ఉపకలెక్టరులు. మన యనంతపురము ఆయనకు కొంతకాలము ముఖ్యస్థానమై యుండెను.

అప్పుడీ సీమ స్థితి దయనీయము. హైదరు దండు, మరాఠా దండు, నిజాము దండు వంతులవారీగా త్రొక్కిన నేల. చెఱువులు తెగినవి. ఊళ్లు పాడైనవి. ఎనుబదిమంది పాలెగాండ్రు తమతమ కోటలలో గూర్చుండి, తమ బంటులతో తామే ప్రభువులై యుండిరి. మన్రో వారి యధికారమును అణచివేసెను. కొందఱను తొలగించెను, కొందఱకు భరణముల నిచ్చెను, వారి బంటుల నాయుధములు దింపించెను. ఈ పనిలో ఆయన చూపిన కాఠిన్యమును అందఱును మెచ్చుకొనలేదు. ఆ వంశములవారి దుఃఖమును మనము చులకన చేయరాదు. కాని కోటగోడ వెనుక దాగవలసిన యవసరము తప్పి రైతు చేను దగ్గఱ నిద్రింపగలిగినది ఆ తరువాతనే యనుటయు నిజము.

ఇక తిరుగుట మొదలైనది. మన్రోయు ఆయన సహాయులును పెక్కు సంవత్సరములు గుడారములలోనే కాపురముండిరి. ఆ కాలపు మజిలీ యెట్టిదో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. రాత్రియే ఒక గుడారము ముందునకు సాగును. కోడికూతకు ముందు రెండవది విప్పి ఎడ్లమీద కెక్కింతురు. ఎండ ముదరకమున్నే మజిలీ దాటవలెను. ఏలయన మేపు, నీరు ఎండలో దొరకవు. నేడు అనంతపురమునుండి గుత్తికి సుమారు 50 కిలోమీటర్లు. తారుబాటమీద మోటారు బండిలో అదొక గంటసేపు. ఆనాడు బాటలేదు, బండిజాడలు, వంకలు, బండలు మాత్రమే. చిత్రావతి, పెన్న, హగరి యేడాదిలో అధికభాగము ఇసుకయే. కొండ యడ్డమైనచోట గుఱ్ఱమునుండి దిగి కళ్లెము పట్టుకొని నడువవలసినదే. చేరినంతమాత్రమున దినము ముగియలేదు. అప్పటినుండియే అసలు పని. గుడారముచుట్టు రైతులు, కరణములు, రెడ్లు, ఫిర్యాదుదారులు. పొద్దుగ్రుంకువఱకు వారి మాటలే. చెవి మందమైన యా దొర యెదుటివాని ముఖమునే చూచుచు వినువాడు. వినికిడి బాగుగనున్న యధికారులు పెక్కుమంది విననిదానిని ఆయన వినెనని నాకు దోచును.

ప్రసంగవశమున నొక ముచ్చట. ఇంతటి తిరుగుడు తిరిగిన మన్రోకు మన బైసికిలు లేకపోయెనే యని పిల్లలు జాలిపడవచ్చును. రెండు చక్రముల బండి ఆయన కాలమందే పుట్టినది. 1817లో జర్మనీ దేశమున కార్ల్ డ్రైస్ అనునాతడు రెండు కొయ్యచక్రములను ఒక దూలమునకు అమర్చి, దానిమీద గూర్చుండి కాళ్లతో నేలను తన్నుకొనుచు మాన్‌హైము నగరములో పోయెను. దానికి పెడలు లేదు. పెడలు 1860వ దశకమునను, డన్లపుగారి గాలిరబ్బరు 1888లోను వచ్చినవి. డ్రైస్ తన కొయ్యబండిని నడపిన యా యేటనే మన్రో ధారవాడ ప్రాంతమున మరాఠాయుద్ధములో నుండెను. ఆ కొయ్యబండి మన ముచ్చుకోట కనుమలో ఒక్క ఫర్లాంగైనను నడచియుండునని నేననుకొనను!

ఆయన చేయించిన పనులలో పెద్దది భూముల కొలత. 1802లో ప్రారంభమై యది కొన్నియేండ్లు సాగెను. కొండలు, బండలు తప్ప ప్రతి పొలమును గొలుసు వైచి కొలిచిరి. గొలుసు పొడవు 33 అడుగులు. లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థి చూచుకొనవచ్చును: 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పుగల చదరము 1,089 చదరపు అడుగులు, అది గుంట. అట్టివి నలుబది చేరిన 43,560 చదరపు అడుగులు, అదియే యెకరము. నేటికిని మన పల్లెలలో రైతు గుంటలలెక్క చెప్పుచుండుట మనమెఱుగుదుము. కొలిచినవారికి కొలిచిన విస్తీర్ణమునుబట్టి కూలి. వారి కొలతను మఱల పైవారు పరీక్షింతురు. కొలత ముగిసినపిమ్మట నేల గుణము నిర్ణయించువారు వత్తురు. నల్లరేగడి యేది, ఎఱ్ఱనేల యేది, ఱాతిగరప యేది, బావి యెవరు త్రవ్వించిరి, చెఱువునీరు ఎన్నినెలలు పాఱును, ఇవన్నియు ఊరివారి యెదుటనే వ్రాయవలెను. ఒప్పుకొననివాడు చెప్పుకొనవచ్చును. ప్రతి సంవత్సరము జమాబందీనాడు రైతుకు వాని పట్టా వాని చేతికే యిచ్చుట ఏర్పాటు.

ఇంతవఱకు చదివినవారు మన్రోను రైతుబంధువని వెంటనే పొగడుదురు. కొంచెము నిలువవలెను. ఆయన కుంఫిణీ యుద్యోగి. కుంఫిణీకి కావలసినది రొక్కము. ఏడేండ్లలో ఈ సీమ రాబడి 4,02,637 పౌనులనుండి 6,06,909 పౌనులకు పెరిగినది. ఆ పెరుగుదల యాకాశమునుండి కురియలేదు. జొన్నచేను, కొఱ్ఱచేను, ఉలవచేను చెల్లించినవి. మన్రో నిర్ణయించిన శిస్తు, ఆయన లెక్కప్రకారమే, పండినపంటలో నూటికి సుమారు 45 పాళ్లు. విత్తనము, ఎద్దులమేత, కూలి, ఇంటితిండి మిగిలిన 55లో జరుగవలెను. వాన తప్పిన సంవత్సరము ఆ 55 నుండదు. ఆయన పాలనకాలముననే వానలు తప్పి ధాన్యపు ధరలు పెరిగి జనము బాధపడిరి. వాన తప్పినయేట కలెక్టరు కచేరిలో గూర్చున్నవానికి లెక్కలో నొక సున్న తగ్గినట్లు కనబడును. చేనిగట్టున నిలిచినవానికి బెట్టకు వాడిన జొన్నకఱ్ఱలు, బొమికలు తేలిన యెద్దు, త్రవ్వినకొలది లోతుకు పోవు బావి కనబడును.

మన్రో చేనిగట్టున నిలిచినవాడు. 1807వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీని, ఈ సీమను విడుచుటకు కొలదిదినములు ముందు, తాను విధించిన శిస్తు అధికమనియు దానిని తగ్గింపవలెననియు మద్రాసు రెవిన్యూ బోర్డునకు నివేదించెను. మెట్టకును మాగాణికిని నూటికి 25 వంతులు, బావులక్రింది తోటభూములకు నూటికి 33 వంతులు తగ్గింపవలెనని యాయన సూచన. లెక్క చూడుడు. నలుబదియైదులో నాలుగవవంతు తీసివేసిన ముప్పదిమూడు ముప్పాతిక. అనగా పంటలో మూడవవంతు. అంతకుమించి తీసికొన్న భూమికి విలువయుండదనియు, విలువలేని భూమిని రైతు తనదని చూచుకొనడనియు ఆయన యభిప్రాయము. బావి రైతు త్రవ్వుకొన్నది గనుక దానికి ఇంకను తగ్గింపుండవలెను. ఏడేండ్లు తాను వసూలుచేసిన సుంకమునే తాను ఎక్కువనుట యే యుద్యోగికిని సులభముకాదు.

బోర్డు వినలేదు. మన్రో అక్టోబరులో సీమను విడచి స్వదేశమునకు బోయెను. ఆయన వెనుక రైతువారీని కూడ తీసివేసి, ఊళ్లను గుత్తదారులకు మొదట మూడేండ్లకు, పిమ్మట పదేండ్లకు పాటపెట్టిరి. పాటపాడినవారిలో పెక్కుమంది మునిగిరి. వారిక్రింద రైతులు మునిగిరి. ఆయన లండనులో పార్లమెంటుసభయెదుట సాక్ష్యమిచ్చి, 1814లో జేన్ క్యాంబెలును వివాహమాడి, న్యాయవిచారణపద్ధతుల సంస్కరణకై తిరిగివచ్చి, 1817–18లో మరాఠాయుద్ధమున సేనానియై, మరల నింటికి బోయి, 1820లో మద్రాసు గవర్నరుగా దిగెను. ఆ యేటనే, పదమూడేండ్లక్రిందట దుమ్ముపట్టిన తన నివేదికను తానే యమలు పఱచుచు, దత్తమండలముల శిస్తును 25 వంతులు, 33 వంతులు తగ్గింప నుత్తరువు చేసెను. పదమూడేండ్లు! ఆ నడుమ ఊరువిడిచి వలసపోయిన కుటుంబములకు ఈ యుత్తరువు అందలేదు. మేలుచేసినవానిని మెచ్చుకొనుచునే, ఆలస్యమైన మేలునకు వెల యెవరు చెల్లించిరో తలపవలెను.

గవర్నరుగా ఆయన చేసిన పనులలో మన పాఠశాలకు సంబంధించిన దొకటి గలదు. 1822లో రాజధానియందలి పాఠశాలల నన్నిటిని లెక్కింపుడని కలెక్టరులకు ఉత్తరువిచ్చెను. 1,28,50,941 జనమునకు 12,498 పాఠశాలలు లెక్కకు వచ్చినవి. ఇవి వీథిబడులు, దేవాలయముల మంటపములలోని బడులు, చెట్లక్రింది బడులు. 1826 మార్చిలో వ్రాసిన నివేదికలో ప్రతి జిల్లాకును ప్రతి తాలూకాకును సర్కారు పాఠశాలలుండవలెనని యాయన సూచించెను. 1820లోనే చెన్నపట్టణపు కళాశాలలో పరీక్ష తీరిన తెల్లయువకులకు దేశభాషల నేర్వవలసిన యావశ్యకతను గూర్చి యాయన బోధించెను. విన్నవారిలో చార్లెసు ఫిలిప్ బ్రౌను ఒకడు. ఆ బ్రౌను కడపకు ఉద్యోగమునకు వచ్చి, వేమన పద్యములను సేకరించి, నిఘంటువును కూర్చి మన భాషకొనర్చిన సేవ మీరెఱిగినదే.

పదవిని విడుతునని యాయన ముందే వ్రాసికొన్నను, బర్మాయుద్ధము 1824లో వచ్చి అడ్డుపడెను. 1826లో భార్య జబ్బుపడిన చిన్నకుమారుని దీసికొని ఓడయెక్కినది. కొత్త గవర్నరు వచ్చువఱకు ఆయన యొంటిగా నిలువవలసి వచ్చెను. 1827 మే నెల చివర, ఇంటికి బోవకముందు దత్తమండలముల నొక్కమారు చూచిపోవలెనని బయలుదేరెను. చూడక తప్పని రాచకార్యమేదియు లేదు. అఱువదియారేండ్లవాడు; ఓడ సిద్ధమగుచున్నది; వేసవి ముగియని రోజులు. అయినను బయలుదేరెను.

కడపసీమ కొండలలో పాపాఘ్నినది కొండను చీల్చుకొని వచ్చు గండి యను ఇఱుకుదారి యున్నది. ఆ దారిలో మన్రో తలయెత్తి చూచి, రెండు కొండలనడుమ బంగారు తోరణమొకటి వ్రేలాడుచున్నదేమని యడిగెననియు, తక్కినవారెవ్వరికిని అది కనబడలేదనియు, అది మరణ మాసన్నమైన మహనీయులకే కనబడునని యొక ముసలి సేవకుడు చెప్పెననియు ఆ ప్రాంతపు జనులు చెప్పుకొందురు. దీనిని చరిత్రమని నేననను. పరదేశపు అధికారిని తమ పుణ్యక్షేత్రపు కథలోనికి ఎక్కించుకొన్న జనము మనసు చరిత్రమే.

ఆయన పరివారమున వాంతిభ్రాంతి జాడ్యము చొచ్చియుండెను. ఒకరివెంట నొకరు పడుచుండిరి. గుత్తి దాటి పత్తికొండ చేరిరి. జూలై 6వ తేదీ యుదయమున మన్రోకే ఆ జాడ్యము సోకెను. తన గుడారములో నున్నవారిని అంటుజాడ్యపు గదిలో నుంచుట న్యాయముకాదని ఆయన విచారించెనని చెప్పుదురు. ఆ రాత్రియే ప్రాణము విడిచెను. శవమును గుత్తికి మోసికొనివచ్చి కోటకొండ పాదముననున్న శ్మశానవాటికయందు పాతిపెట్టిరి. ఉదయమున దాటి వచ్చిన దారినే రాత్రి వెనుకకు. ఆ సీమలో ఆయన కడపటి మజిలీ యదియే.

పత్తికొండలో ఆయన పేర సర్కారువారు చింతతోపు వేయించి, రాతిమెట్ల బావిని త్రవ్వించిరి. నీరులేని సీమలో ఇంతకన్న తగిన గుఱుతు మఱియొకటి తోచదు. దత్తమండలములలో తల్లులు తమ మగబిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. 1831లో ఆయన యస్థికలను గుత్తినుండి తీసికొనిపోయి చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ దేవాలయమున నుంచిరి.

శిల్పి ఫ్రాన్సిసు చాంట్రీ పోతపోసిన ఆయన గుఱ్ఱపు విగ్రహము 1839లో చెన్నపట్టణమున నిలుపబడెను. మౌంటురోడ్డున బోవువారు దానిని చూడవచ్చును. చూచినవారు ఒక వింతను గమనింతురు. గుఱ్ఱముమీద జీనులేదు, కాలిక్రింద రికాబు లేదు. శిల్పి మఱచిపోయెనని కొందఱు, కావలెననియే విడిచెనని కొందఱు నేటికిని వాదించుకొనుచున్నారు. మన కనుమలలో ఆ దొర యట్లు ఎక్కియుండడని మాత్రము ఒక్కసారి ముచ్చుకోట కొండ దాటినవారు ఎవరైనను చెప్పగలరు.